మరలు

ఎనభై ఎనిమిది నాటి సాబ్ నైన్ హండ్రెడ్ టర్బో.
ఊసికౌపుంకిలో ఫిబ్రవరి. బయట మైనస్ పందొమ్మిది.
తనిఖీ వాళ్ళకు జాబితా కావాలట,
ఏది కంపెనీది, ఏది కాదని.
బడిలో వంట చేసే ఏరికా
పోయినవాడెవడిదో సామాన్ల వేలంలో కొన్న బండి.
"నువ్వే చూసి చెప్పాలి, తెల్లెర్వో" అంది,
మంచు బూట్లు నా గుమ్మంలో దులుపుతూ.

బానెట్ ముందుకు జరిపి ఎత్తాను.
ఈ బండిలో ఇంజిన్ అలిగిన పిల్లలా
వెనక్కి తిరిగి కూర్చుంటుంది.
కొత్తవాళ్ళు తికమకపడతారు.
నాకు ముప్పై ఒక్కేళ్ళ అలవాటు.

ముందు నంబర్లు.
పోతలో పుట్టిన అంకెలు అబద్ధమాడవు,
అంటించిన రేకు మీదవి ఆడతాయి.
టర్బో మీద అసలు రేకే లేదు.
రెండు రివెట్ బొడిపెలు, నడుమ శుభ్రమైన చోటు,
గోడ మీంచి ఎవరిదో ఫోటో తీసేసినట్టు.
ఇంజెక్టర్లు నాలుగూ ఒకే రంగు,
ఈ ఇంజిన్ రంగు మాత్రం కాదు,
ఏ వోల్వో నుంచో వలసొచ్చినవి.
రాసుకో, రాసుకో, అన్నాను.

ఇంటర్‌కూలర్ రెండు వేళ్ళు మందం ఎక్కువ.
దానికి చోటివ్వడానికి గ్రిల్ వెనక రేకును రంపంతో కోశాడు.
కోసిన అంచును ఆకురాయితో నున్నగా చేశాడు,
రేపు ఎవరో చెయ్యి పెడితే తెగకూడదని.
అంతవరకూ సామాను చూస్తున్నాను,
అక్కడ మనిషి కనిపించాడు.

పొగగొట్టం మీద వెల్డింగు
చేపపొలుసుల్లా వరసగా ఉంది.
బాగుంది, కానీ ఏదో తేడా.
దీపం అటూ ఇటూ తిప్పుతున్నాను.
"పొలుసులు అటు వాలాయి" అంది ఏరికా.
"నేను గరిటె తిప్పే వైపు."
ఎడమచేతివాటం.
ముప్పై ఒక్కేళ్ళూ ఒక్కసారి తల దించుకున్నాయి.

మరి ఇన్ని హంగులున్న బండి
గేజ్‌లో ముల్లు సగం దాకా వచ్చి ఎందుకాగుతుంది?
పెళ్ళికి ముస్తాబై గడప దాటనట్టు?
వేస్ట్‌గేట్ కడ్డీ దగ్గర వంగాను.
కడ్డీ పొడుగునా తుప్పు.
తాళంనట్టు పక్కన ఆరు మరలు మాత్రం
తళతళా.
ఏళ్ళ తరబడి నట్టు లోపల దాక్కున్నవి.
ఒకప్పుడు బిగించాడు. తర్వాతెప్పుడో వదులు చేశాడు.
ఆరు మరలు,
వెనక్కి మరలాయి.

యాష్‌ట్రేలో పొట్లం దొరికింది.
రసీదు కాగితం, అక్షరాలు ఎప్పుడో ఎగిరిపోయాయి.
లోపల పది పెన్నీల నాణెం,
తేనెపట్టు గుర్తుది, ఇప్పుడు ఏ కొట్లోనూ చెల్లదు.
అంచులు అరగదీసి, నడుమ సూదిబెజ్జం.
దీన్ని గొట్టంలో పెడితే
టర్బో ఎంత ఊదుతోందో సగమే చేరుతుంది వేస్ట్‌గేట్‌కి.
సగం కబురు విన్న కాపలావాడు తలుపు తెరవడు,
బండి పిచ్చెత్తినట్టు పోతుంది.
తీసేశాడు. పారెయ్యలేదు.

"భయం వేసిందేమో."
పెట్రోలు ధరేమో, అన్నాను.
"ఎవరైనా అడిగారేమో, మెల్లగా వెళ్ళమని."
వెనక సీటు వైపు చూశాం ఇద్దరం.
సీటంటే సీటే. ఒక హెయిర్‌పిన్ను కూడా లేదు.
గురువారం కదా, డబ్బాలో బఠాణీ చారు తెచ్చింది,
హీటరు పక్కన నిలబడే తాగాం.

జాబితాలో ఆఖరి గడి: మార్పు చేసినవారు.
తెలియదు అని రాసి, కొట్టేసి,
ఎడమచేతి మనిషి అని రాశాను.
నాణెం రాయలేదు.
అది బండిలో లేదు,
ఏరికా కోటు జేబులో ఉంది.

తనిఖీ స్టేషన్లో కుర్రాడు
కాగితం రెండుసార్లు చదివాడు.
సంతకం పెడుతున్న ఆమె చేతిని చూశాడు.
"ఇవన్నీ మీరే చేశారా?"
ఏరికా కలం మూత పెట్టింది, నిదానంగా.
"ఇంకా అన్నీ కాలేదు."